నేరేడు కొమ్మ రాని ఇల్లు

నాకు అక్షరాలు వచ్చేనాటికి నా కూతురు అత్తారింటికి వెళ్ళి రెండేళ్ళయింది. పంతొమ్మిదివందల అరవైల చివరి రోజులవి. బ్లాకు ఆఫీసు నుంచి ఒక గ్రామసేవిక మా ఊరికి వచ్చేది. బస్సు దిగి, పొలం గట్ల మీద నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డ దాటి, మేం అంట్లు తోముకునే వేళకి మా వసారాలో కూర్చునేది. రామతీర్థం వైపు పిల్ల. మమ్మల్ని 'మీరు' అనేది. అప్పటిదాకా మమ్మల్ని అలా పిలిచిన మనిషి లేదు.

కొండల్లోంచి వచ్చే ఆ గెడ్డే మా పొలాలకి నీరు. రాళ్ళూ మట్టీ వేసి గెడ్డకి అడ్డంగా కట్టు కట్టి, అక్కణ్ణించి ఒక కాలవ తీశారు మా పెద్దలు. కాలవ కింద ఐదు ఇళ్ళవాళ్ళ మడులున్నాయి. మావి, జీడితోటవాళ్ళవి, గానుగవాళ్ళవి, పెంకుటింటివాళ్ళవి, తాటిదొడ్డివాళ్ళవి. తాటిదొడ్డివాళ్ళ ఇల్లు మాత్రం గెడ్డకి అవతల ఉండేది. చదువుకి వచ్చేది ఈ ఐదు ఇళ్ళ కోడళ్ళమే.

అక్షరాలు దిద్దీ దిద్దీ మా మెడలు వంగిపోతే, సేవిక పలకలు పక్కన పెట్టించి వరస లెక్కలు ఇచ్చేది.

"ఐదుగురు ఆడవాళ్ళు నూతి దగ్గర వరసలో నిలబడ్డారు. ఎర్రచీర ఆవిడ పచ్చచీర ఆవిడకన్నా ముందుంది. నీలంచీర ఆవిడ అందరికన్నా వెనక ఉంది. తెల్లచీర ఆవిడ ఎర్రచీర ఆవిడకన్నా ముందుంది..." అని ఆమె ఇంకా చెబుతూండగానే గానుగవారి కోడలు అడ్డం వచ్చింది.

"ఆ ఎర్రసీర ఎవుల కోడలమ్మా?"

"ఎవరి కోడలూ కాదండీ. ఊరికే అనుకున్నాం."

"ఎవుల కోడలూ కాకపోతే మన నూతికాడికెందుకొచ్చినాది?"

అందరం నవ్వాం. జీడితోటవారి కోడలు మాత్రం నిజంగానే ఆలోచిస్తోంది. "అది కాదమ్మా. వాళ్ళలో కడుపుతో ఉన్నది ఎవులో సెప్పండి. దానికి ముందు తోడనివ్వాల గదా. తెల్లసీరంటే ముండమోసింది, అది ముందెలగ నిలబడతాది? పక్కకి జరిగి నిలబడతాది."

సేవిక తల పట్టుకుంది. మాకు వరసంటే అదే మరి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరింట్లో చావు, ఎవరింట్లో పురుడు, వీటిని బట్టి మనుషులు ముందూ వెనకా అవుతారు. ఏ ఇంటిదీ కాని మనిషి వరసలో నిలబడటం మాకు ఊహకందలేదు. రోజూ ఇలాగే తప్పులు చేసేవాళ్ళం.

"మనిషిని మర్చిపోండి. నేను చెప్పిన మాట ఒక్కటే చూడండి. తెలిసినవాళ్ళని చోట్లో పెట్టండి. తెలియనివాళ్ళకి ఖాళీ వదలండి. ఖాళీ చివరికి అదే నిండుతుంది" అనేది ఆమె.

చింతపిక్కలు తెచ్చి నేల మీద పేర్చుకున్నాం. మిగతావాళ్ళకి అది కాలక్షేపం. నాకు మాత్రం అది పట్టుకుంది. పొయ్యి ముందు కూర్చున్నా చెయ్యి పిక్కలు పేరుస్తూనే ఉండేది. ఒక్కో మాటా విన్నకొద్దీ ఒక్కో పిక్క కదిలి, ఆఖరుకి అన్నీ కదలకుండా ఆగిపోయే క్షణం ఒకటుంటుంది. అదంటే నాకు ఇష్టంగా ఉండేది. భయంగా కూడా ఉండేది. ఎందుకు భయమో అప్పుడు తెలియదు.

ఆ ఏడు ఆషాఢం వచ్చినా మబ్బు రాలేదు. నారుమళ్ళు పోసి ఉన్నాయి. గెడ్డ రోజురోజుకీ సన్నబడి, రాళ్ళ మధ్య దారంలా పారుతోంది. కొండ వైపు చూస్తే ఆకాశం గిన్నె బోర్లించినట్టు తెల్లగా ఉండేది. దానికి తోడు, కట్టు దగ్గర నీళ్ళు తిప్పే ముసలాయన ఎండాకాలంలోనే చనిపోయాడు. ఆయన మా ఐదిళ్ళలో దేనికీ చెందడు. ముప్పై ఏళ్ళ పైనుంచి, కరువు ఏడైతే ఎవరికెప్పుడు నీరు వదలాలో ఆయనే చూసి వదిలేవాడు. ఆయన మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. ఆయన పోయాక ఎవరి మాట వినాలో ఎవరికీ తెలియలేదు.

ఒకనాడు పొద్దున్న నేను అంబలి పట్టుకుని పొలానికి వెళ్ళేసరికి, మా ఆయనా తాటిదొడ్డి ఆయనా కట్టు మీద ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. తాటిదొడ్డి ఆయన కాలవలో రాళ్ళు అడ్డం పెట్టి నీళ్ళు తన మడి వైపు మళ్ళించుకున్నాడు.

"తియ్యి రాళ్ళు. ఇయ్యాల నీళ్ళు నాయి" అన్నాడు మా ఆయన.

"ఎవులు సెప్పినారు బావా నీయని? మీ తాత కలలోకొచ్చి సెప్పినాడేటి?"

"నాను పార ఎత్తినానంటే నీకే కనబడతాడు మా తాత."

"ఎత్తు. ఎత్తి సూడు. నా సేతిలో ఉన్నది సెరుకు గెడనుకున్నావేటి?"

పార లేవనే లేచింది. గానుగవాళ్ళ మనుషులు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ చెరో వైపుకీ లాగారు. లాగుతుంటే తాటిదొడ్డి ఆయన నవ్వుతున్నాడు. మా ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి పార పెరట్లో కాకుండా మంచం పక్కన ఉండేది. దాని అంచు కొత్తగా మెరుస్తోంది. ఎప్పుడు సానబెట్టాడో నేను చూడలేదు.

పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ముసలాయన రాకముందు పాత వంతులు ఉండేవి గదా, ఆ వరసే మళ్ళీ పెట్టుకుందాం అని. ఒక్కో ఇంటికీ ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు. అమావాస్య వెళ్ళిన మర్నాడు కట్టు దగ్గర కూర్చుని వరస తేల్చాలి. అడ్డం పెట్టిన రాళ్ళు తీసెయ్యాలి, ఈలోగా ఎవరూ నీళ్ళు మళ్ళించకూడదు.

చెప్పడం తేలికే. వరస ఎవరికి తెలుసు? మగవాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. దానికో కారణం ఉంది. పాతరోజుల్లో వంతు నడిచే పద్ధతి ఏమిటంటే, మగవాడు పార పట్టుకుని మడి దగ్గర ఉంటాడు. వంతు అయిపోయిన పొద్దున్న ఆ ఇంటి ఆడది గెడ్డ ఒడ్డున నేరేడు కొమ్మ ఒకటి విరిచి, తరవాతి వంతు ఎవరిదో ఆ ఇంటి చూరులో దోపి వస్తుంది. చూరులో కొమ్మ కనబడితే నీళ్ళు మీవి అని అర్థం. కాబట్టి వరస ఆడవాళ్ళ కాళ్ళకి తెలుసు. అదీ ఒక్కో మనిషికి తన ఇంటి వరకే తెలుసు. ఎందుకో ఏమో, ఒక కరువు ఏడు ఆ కొమ్మ పద్ధతి ఉన్నట్టుండి ఆగిపోయింది. ముసలాయన నీళ్ళు తిప్పడం మొదలుపెట్టింది అప్పణ్ణించే.

"మీ అత్తగార్లని అడిగి రండి. ఒక్కొక్కరు ఒక్కో మాట తెండి. మన పిక్కలున్నాయి కదా" అంది సేవిక. ఆమెకి సరదాగా ఉంది. నాకు నారుమడి కళ్ళ ముందు ఉంది. ఇంకో పది పొద్దులు నీరు లేకపోతే ఆ నారు పోతుంది. నారు పోతే ఆ ఏడాది మాకు వరి అన్నం లేదు.

మర్నాడు అందరూ మాటలు తెచ్చారు.

గానుగవారి కోడలు చెప్పింది. "మా అత్త పెంకుటింటి సూరులో ఎట్టేదంట. ఒకసారి ఆళ్ళ కుక్క కరిసినాదంట కూడాను, ఇప్పటికీ మచ్చ సూపిస్తాది."

గానుగ పిక్క, దాని పక్కన పెంకుటింటి పిక్క పెట్టాను.

జీడితోటవారి కోడలికి అత్త లేదు, ఇంట్లో ముసలి ఆడపడుచు ఉంది. "మా తరవాత ఒకిల్లు, ఆ తరవాత పెంకుటిల్లు అన్నాది మా వొదిన."

జీడితోట పిక్క గానుగకి ముందు చేరింది.

"మా అత్త కొమ్మట్టుకుని గెడ్డ దాటేదంట. నీళ్ళు లేని గెడ్డ దాటడానికీ బయమేసేదంట, రాళ్ళ కింద పాములని" అంది పెంకుటింటి కోడలు. గెడ్డకి అవతల ఉన్నది తాటిదొడ్డి ఒక్కటే. పెంకుటింటి తరవాత తాటిదొడ్డి పిక్క పెట్టాను.

తాటిదొడ్డివారి కోడలు వైపు చూశాం. ఆమె పైట కొంగు చివర నలుపుతోంది.

"మా అత్త ఏటీ సెప్పనేదు. అడిగితే తల నొప్పంది. గోడ వైపు తిరిగి పడుకున్నాది."

"మీ అత్తో?" అని నన్నడిగారు.

మా అత్త కూడా చెప్పలేదు. మరిచిపోయానంది. గెడ్డలో ఏ రాయి ఏ ఏడు కదిలిందో కూడా చెప్పగల మనిషి ఆవిడ. 

మిగిలింది ఒక్క పిక్కే. అది మాది. తాటిదొడ్డి తరవాత పెట్టాను. జీడితోట, గానుగ, పెంకుటిల్లు, తాటిదొడ్డి, మేము. చెప్పని ఇళ్ళు రెండూ వరసలో పక్కపక్కనే వచ్చాయని నేను అప్పుడే గమనించాను. మేం ఆఖరు. ఆ దారమంత నీరు ఆఖరివాళ్ళ దాకా రాదు.

సేవిక నా మొహం చూసి పిక్కల్ని వేలితో వంచింది. వరస గుండ్రంగా అయింది. "మీ తరవాత మళ్ళీ జీడితోట వారే కదా? గుండ్రంగా కూర్చున్న వాళ్ళలో మొదలెవరు, ఆఖరెవరు? ఉండరు. కిందటిసారి కొమ్మ ఎక్కడ ఆగిందో తెలిస్తే, ఆ తరవాతి ఇల్లు మొదలవుతుంది" అంది. చేతులు దులుపుకుని, "చూశారా, వరస లెక్కలు ఎందుకన్నారు, ఎంత పనికొచ్చాయో" అని నవ్వుతూ బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. కోడళ్ళందరూ పరుగున ఇళ్ళకి వెళ్ళి చెప్పారు. ఆ సాయంత్రానికల్లా ఐదిళ్ళ మగవాళ్ళకీ చక్రం తెలిసింది. తెలియనిది ఎక్కడ ఆగిందన్నదే.

మా అత్త పెరట్లో అంబలికి చోళ్ళు చెరుగుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, కొమ్మ ఎవులింట్లో ఆగిపోనాది?"

చేట ఆగలేదు. "నీకెందుకే?"

"మన నారు ఎండిపోతన్నాది."

"ఎండనీ."

ఆ మాట అన్న గొంతు నేను ఎరిగినది కాదు. నారు ఎండనీ అనే రైతు మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఊరుకోవలసింది. కానీ పిక్కలు నా కళ్ళలో తిరుగుతున్నాయి. మా మావగారు నేను కాపురానికి రాకముందే, మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడే, కట్టు దగ్గర కాలు జారి రాతి మీద పడి పోయారని అందరూ చెప్పేవారు. తన వంతు నీళ్ళు పెట్టుకుంటూ పడిపోయారని. కొమ్మ పద్ధతి ఆగిపోయింది కూడా ఆ ఏడేనని నాకు అప్పుడు తట్టింది.

"మావ పోయినప్పుడు మన వంతేనా, అత్తా?"

చేట ఆగింది. ఆవిడ వంచిన తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ రోజు పొద్దున్న నాను సూరు కింద నిలబడి ఉన్నాను. కొమ్మ రావాల. పొద్దెక్కినాది, రానేదు. మీ మావ ఏటాలస్యమని అడగడానికి కట్టుకాడికెల్లినాడు. మజ్జానానికి తెచ్చినారు." మళ్ళీ చేట అందుకుంది. "కొట్టినారో, జారినాడో, నాను సూడనేదు. కొమ్మ రానేదు. నాకు తెలిసింది అదొక్కటే."

కొమ్మ ఏ ఇంటి నుంచి రావాలో నేను అడగనక్కర్లేదు. వసారాలో పిక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. మా ముందున్నది తాటిదొడ్డి. అప్పట్లో ఆ ఇంట్లో పార పట్టింది ఇప్పటి ఆయన తండ్రి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కొడుకున్నాడు.

అంటే వంతు ఆగింది తాటిదొడ్డిలో. మొదటి నీళ్ళు మావి. ఒక్క మాట చెబితే మా నారు బతుకుతుంది. ఆ మాట చెప్పాలంటే తన తండ్రి పోయిన రోజున నీళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో మా ఆయనకి చెప్పాలి. మంచం పక్కన పార ఉంది.

"నాకొక్కడే కొడుకు. నీకొక్కడే మొగుడు. తిండిదేముంది, సోడంబలి తాగుతాం" అంది మా అత్త.

పిక్కలు ఏరి గుడ్డలో కట్టేశాను.

అమావాస్య వెళ్ళిన మర్నాడు అందరూ కట్టు దగ్గర చేరారు. మా అత్త కూడా వచ్చింది. ఆ చోటుకి ఆవిడ రావడం నేను కాపురానికొచ్చాక చూడలేదు. గెడ్డ అవతలి నుంచి తాటిదొడ్డి ముసలామెని కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రాతి మీద కూర్చోబెట్టింది. మా ఆయన పార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. తాటిదొడ్డి ఆయన చేతిలో వెదురు కర్ర ఉంది. 

జీడితోట ఆయన లేచాడు. "సుట్టు తేలిపోనాది. ఎక్కడాగిందో ఎవులికీ తెలీదంటన్నారు. తెలీకపోడమేటి? ఈ బావ తండ్రి తన వంతులోనే గదా పోయినాడు. అంటే ఆళ్ళింట్లో ఆగినాది. ఆళ్ళ తరవాత మాది."

అందరూ మా అత్త వైపు చూశారు. మా ఆయన కూడా చూశాడు. "సెప్పమ్మా. మన వంతేనా?"

నేను ఆవిడ పక్కనే ఉన్నాను. ఆవిడ భుజం నా భుజానికి తగులుతోంది. అది వణకలేదు.

"ఔను. మన వంతులోనే" అంది.

రాతి మీద కూర్చున్న ముసలామె తల ఎత్తి మా అత్తని చూసింది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం చూసినవాళ్ళు అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు. ముసలామె లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చుంది. కోడలు, "ఏటి అత్తా?" అంటే, "ఏటీ నేదు. ఎండగా ఉన్నాది. ఇంటికి తీసుకెల్లు" అంది.

నీళ్ళు జీడితోటకి వెళ్ళాయి. తరవాత గానుగకి, పెంకుటింటికి, తాటిదొడ్డికి. మా వంతు వచ్చిన పొద్దున్న కాలవలో తడి ఇసక ఉంది. మా ఆయన ఆ ఇసకలో చెయ్యి పెట్టి చూసి ఇంటికొచ్చాడు. నారు ముందు పసుపుపచ్చగా తిరిగి, తరవాత గడ్డిలా తెల్లబడింది. మా ఆయన వరసలో ఓడిపోయినవాడిలాగే ఉన్నాడు, కోపంగా లేడు. ఆ కోపం లేకపోవడం చూసి నాకు ప్రాణం కుదుటపడింది. అనుకున్నట్టే జరిగిందిలే అనుకున్నాను.

శ్రావణంలో వాన పట్టుకుంది. మడులన్నీ నిండాయి. ఊరంతా నాట్లు వేసే ఉభాలకి దిగింది, ఎక్కడ చూసినా వంగిన నడుములే. మా మడులు నీళ్ళతో నిండి, నాటడానికి ఒక్క మొక్క లేక ఖాళీగా మెరుస్తున్నాయి.

ఒక పొద్దున్న తలుపు తీసేసరికి వాకిట్లో నారు కట్టలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. వేళ్ళకి ఇంకా బురద తడి ఉంది. మా మడులన్నిటికీ సరిపోయేంత నారు. తాటిదొడ్డివారి కోడలు ఆఖరి కట్ట దింపుతోంది.

"మా అత్త ఎట్టమంది" అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

మా అత్త గుమ్మంలోకి వచ్చి ఆ కట్టల్ని చూసి, గోడ పట్టుకుంది. ఆవిడకి అర్థమైంది, నాకూ అర్థమైంది. అవతల ముసలామె తనకి తోచిన మంచి తను చేసింది. చెయ్యకుండా ఉంటే బాగుండేదని మేమిద్దరం అనుకున్నాం.

మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి ఆగిపోయాడు.

"ఎవులెట్టినారు?"

చెప్పాను.

"నాను ఆడి మీద పార ఎత్తినోణ్ణి. నాకెందుకెట్టినారు?"

"మిగిలుంటాది. తీసుకెల్లి మడిలో ఊడ్సుకో" అంది మా అత్త.

"మిగిల్తే సంతలో అమ్ముకుంటారు గానీ, తల మీద మోసుకొచ్చి ఎవులైనా ఇస్తారేటి?"

 ఆయన వేప పుల్ల నోట్లోంచి తీసి, కట్టల వైపు చూస్తూనే ఉన్నాడు. లెక్క తేలేముందు నేనూ పిక్కల వైపు అలాగే చూసేదాన్ని. తరవాత తల ఎత్తి మా ఇంటి చూరు చూశాడు.

"అమ్మా, ఆ కొమ్మలకి పళ్ళుండేవి గదా? నేరేడు పళ్ళు."

మా అత్త వంగి ఒక కట్ట సర్దింది.

"కోసుకుందారని నాను తెల్లారకుండా లేసి ఇక్కడ నిలబడేవోణ్ణి. నువ్వు ఎత్తుకునేదానివి. నాయిన్ని తెచ్చిన రోజు కూడా నిలబడ్డాను. ఆకలేసి ఏడిసినాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు కొమ్మ రానేదు గదా?"

"సిన్నపిల్లోడివి. నీకేటి గుర్తుంటాది" అంది మా అత్త. కానీ ఆలస్యంగా అంది.

ఆయన పుల్ల పారేశాడు. కావిడి తెచ్చుకుని నారు కట్టలు రెండు వైపులా సర్దుకుని మడికి వెళ్ళాడు. నేనూ వెనక వెళ్ళాను. రోజంతా నారు ఊడ్చాం. మొక్క మొక్కా చక్కగా, తీరుగా నాటాడు. ఎవరి నారు అన్నది చేతులకి తెలియనట్టే నాటాడు. నడుం ఎత్తినప్పుడల్లా మాత్రం తాటిదొడ్డివాళ్ళ మడి వైపు చూసేవాడు. అక్కడ తాటిదొడ్డి ఆయన కూడా తన మడిలో వంగి ఉన్నాడు. ఒకసారి చెయ్యి ఊపి, "ఏటి బావా, సేను నిండినాదా?" అని కేకేశాడు. ఆయనకి ఏమీ తెలియదని ఆ కేకలోనే నాకు తెలిసింది. మా ఆయన తిరిగి చెయ్యి ఊపాడు.

సాయంత్రం గెడ్డలో కాళ్ళు కడుక్కుని, పారని ఇసకతో తోమడం మొదలుపెట్టాడు. మట్టి పోయింది. ఇంకా తోముతూనే ఉన్నాడు.

"పద. అన్నం తిందూగాని" అన్నాను.

"పద."

"ఏటాలోసిస్తన్నావు?"

"ఏటీ నేదు. ఆళ్ళ నారు బాకీ మద్దిలో ఉండకూడదు గదా. పంట ఇంటికి రానీ. ఆళ్ళ నారు ఆళ్ళకి ఇచ్చేసినాక సూద్దాం" అన్నాడు. పార భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆ ఏడు చేను మునుపెన్నడూ లేనంత బాగా వచ్చింది. దారిన పోయేవాళ్ళు గట్టు మీద ఆగి చూసేవారు. పచ్చగా ఉన్నన్నాళ్ళూ నేనూ మా అత్తా ఒకరితో ఒకరు అనుకోకపోయినా కాస్త నిద్రపోయాం. వెన్ను వంగి, గింజ పాలు పోసుకుని, చేను రంగు తిరగడం మొదలయ్యాక ఇద్దరికీ నిద్ర లేదు. పొద్దున్నే లేచి మొదట చేను వైపు చూసేదాన్ని. ఇంకా కొంచెం పచ్చ మిగిలి ఉందా అని.